చలువపల్లె జీవాల నిద్ర పుస్తకం

ఏప్రిల్ 4, శుక్రవారం

పగటి దీపాలు వెలిగిన కాసేపటికే గాలి ఆఫీసు నుంచి రెండు అట్టపెట్టెలు వచ్చాయి. పైన నా పేరు రాసి ఉంది: ఉరుకుందమ్మ, జీవాల నమోదు. లోపల రెండువందల పన్నెండు నిద్రపట్టీలు. చలువపల్లెలో నేను రాస్తున్న పెంపుడు జీవాలు కూడా సరిగ్గా రెండువందల పన్నెండే. తొంభై ఆరు పిల్లులు, డెబ్బై ఒక్క కుక్కలు, మిగిలినవి చిలుకలు, కుందేళ్ళు, తాబేళ్ళు.

పట్టీ రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. మెడ వెనక వచ్చేచోట గింజంత మీట ఉంది. నొక్కితే జీవం మూడు శ్వాసల్లో పడుకుంటుంది. ఇరవై గంటలు లేవదు. మిగతా నాలుగు గంటల్లో తినాలి, తిరగాలి, యజమాని ఒళ్ళో కూర్చోవాలి; ఆ తర్వాత పట్టీ తనంతట తనే మళ్ళీ పడుకోబెడుతుంది. మేలుకున్న జీవం పీల్చే గాలిలో సగం కూడా పడుకున్న జీవానికి అక్కర్లేదట. మూడో గాలి మర పాడై నెల దాటింది. పైన ఎండ యాభై నాలుగు డిగ్రీల దగ్గర ఉంది. వానలు పడితే గాని విడిభాగాలు తెచ్చే బండి, ఎండకు తాళలేక మేము లోపల ఊరు కట్టుకున్న ఈ నాపరాయి గని దాకా రాదు. ఆ లోపల ప్రతి శ్వాసా పొదుపు చేయాలని ఉత్తర్వు. అన్ని పట్టీలూ పది రోజుల్లో నేనే పెట్టాలి.

గాలి కొరత నిజమే. అది కాదనను. శుక్రవారం కాబట్టి గాలి గొట్టం మూసి, దాని మూతికి కట్టిన దుమ్ముగుడ్డ విప్పి ఉతికాను. ఆరేసి తిరిగి కట్టేలోపే గది ఉక్కపోసింది.

నా పిల్లి బొరుగు నిద్ర: పొద్దున అలమర మీద రెండు గంటలు, ముందుకాళ్ళు పొట్ట కింద మడుచుకుని. తర్వాత ఉతికిన గుడ్డల మూట మీద గంటంపావు, వెల్లకిలా. మధ్యలో మూడుసార్లు లేచి ఒళ్ళు విరుచుకుని, చోటు మార్చి మళ్ళీ పడుకుంది. రోజు మొత్తం పదిహేను గంటల చిల్లర. ఎవరూ పట్టీ పెట్టకుండానే.

ఏప్రిల్ 7, సోమవారం

మూడు రోజుల్లో నలభై ఒక్క పట్టీలు పెట్టాను. చెప్పిన పని చేశాను అని రాసుకోవడం తేలిక, అందుకే రాసుకుంటున్నాను.

ఈ రోజు కింది వరుసకు దిగాను. అరవై రెండు మెట్లు. రాయి పాలిష్ పట్టేవాళ్ళంతా అక్కడే ఉంటారు. తెల్లవారకముందే పనికెళ్ళి మధ్యాహ్నానికి వచ్చి పడుకుంటారు. మొదటి ఇల్లు హుసేన్‌సాబు అన్నది. ఆయనకు డెబ్బై ఏళ్ళు, ఇంట్లో ఇంకెవరూ లేరు, సర్దారు అనే కుక్క తప్ప. సర్దారు నిద్ర నా పుస్తకంలో పదకొండేళ్ళుగా ఉంది. పై ఊళ్ళ నుంచి జీవాలను ఈ గనిలోకి తెచ్చుకోవాలంటే అవి ఎట్లా తింటున్నాయో ఎట్లా పడుకుంటున్నాయో ఎవరో ఒకరు రాస్తుండాలని అప్పట్లో షరతు పెట్టారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినదాన్ని కాబట్టి ఆ పని నాకు వచ్చింది. సర్దారు పడుకునే ముందు బండను గోళ్ళతో గీకుతాడు. మూడు చుట్లు తిరుగుతాడు. వీపు అన్న కాళ్ళకు ఆనించాకే తల దించుతాడు. కాసేపటికి పాదాలు అదురుతాయి, పెదవి వణుకుతుంది, గొంతులో చిన్న మొరుగు. కలలో దేన్నో తరుముతాడు.

పట్టీ పెట్టి మీట నొక్కాను. నిలబడ్డవాడు నిలబడ్డట్టే మోకాళ్ళు మడిచి కూలాడు. గీకలేదు, తిరగలేదు. అన్న కాళ్ళు చాపుకుని పక్కన కూర్చున్నాడు. సర్దారు తల బండ మీద ఎట్లా పడిందో అట్లాగే ఉంది.

"ఇది నిద్ర కాదు ఉరుకుందమ్మా," అన్నాడు. "వాణ్ణి యాడికో పంపిచ్చినావు. ఒళ్ళు మాత్రం ఈడ పెట్టినావు."

"వానలదాకే అన్నా."

"వానలదాకా నన్నూ ఇట్లే పండబెడతారా? నేనూ గాలి పీలుస్తాండా కదా."

తర్వాతి ఇంటికి వెళ్ళాను. అక్కడ రామతులశమ్మ కుందేళ్ళు రెండు ఉన్నాయి. కుందేలు నిద్రపోయేటప్పుడు కళ్ళు సగం తెరిచే ఉంచుతుంది, ముక్కు మాత్రం కదలడం ఆగుతుంది. కొత్తవాళ్ళు చూస్తే మేలుకుందనే అనుకుంటారు. పట్టీ పెట్టగానే వాటి కళ్ళు పూర్తిగా మూతబడ్డాయి. పదకొండేళ్ళలో కుందేలు అట్లా కళ్ళు మూయడం నేను చూడలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

నాలుగు రోజులుగా గడియారం పట్టుకుని పట్టీ పెట్టిన జీవాల పక్కన కూర్చున్నాను. చూసింది రాస్తున్నాను. మామూలు నిద్రలో పిల్లి నిమిషానికి ఇరవై దాకా శ్వాసలు తీస్తుంది. పట్టీ నిద్రలో ఆరు. మీసం కదలదు. చెవి తిరగదు. పేరు పెట్టి పిలిచినా, చెవి దగ్గర గిన్నె పడేసినా ఏమీ లేదు. మేలుకున్న నాలుగు గంటల్లో అవి గోడ వైపు చూస్తూ కూర్చుంటున్నాయి. మూడో వరుసలో ఒక పిల్లి, తనను సాకిన మనిషి చేతిని చూసి వెనక్కి జరిగింది. సర్దారు నిన్న పట్టీ గడువు తీరి లేచాక, నడవడం మరిచిపోయినవాడిలా గుమ్మం దగ్గర ఆగిపోయాడట.

ఇరవై గంటలు పడుకోబెట్టినా ఒక్క గంట కూడా నిద్రపోయినట్టు లేవు. అదీ నా లెక్క.

ఈ కాగితాలు తీసుకుని గాలి ఆఫీసుకు వెళ్ళాను. గాలి అధికారి రంగనాయకులు సారు నిలబడే చదివాడు. ఆయన చెడ్డవాడు కాదు. పోయిన ఏడు రెండో మర ఆగిపోయినప్పుడు ముప్పై గంటలు దాని పక్కనే ఉండి చేత్తో తిప్పించినవాడు.

"పడుకుంటున్నాయి కదమ్మా. మనకు కావలసింది అదే."

"పడుకోవడంలేదు సార్. పడి ఉంటున్నాయి."

"తేడా ఏమిటి?"

"పడుకున్నదాన్ని లేపొచ్చు సార్."

ఆయన కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు. "ఇప్పటికి అరవై పెట్టారు. ఇంకా నూటయాభై రెండు ఉన్నాయి. మూడు రోజుల్లో పూర్తి చేయండి. మీ ఇంటి పిల్లికి ఇంకా పెట్టలేదని రాసుంది."

"పెట్టను."

"ఏమన్నారు?"

"నా పిల్లికి పెట్టను. మిగతావాటికీ ఇక పెట్టను. పెట్టినవి తీయమని రోజూ వచ్చి అడుగుతాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకొకరితో పెట్టిస్తాను," అన్నాడు మెల్లగా. "మీరు వద్దన్నంత మాత్రాన గాలి పెరగదు."

ఏప్రిల్ 14, సోమవారం

రామతులశమ్మ పొద్దున్నే పైకి వచ్చింది. మెట్లెక్కి రొప్పుతూ గోడకు ఆనుకుంది. తర్వాత అంది: "అక్కా, గడువైనాది గదా, లేస్తాయనుకుంటి. కుందేళ్ళు లేయలే. రెండూ లేయలే."

వెళ్ళి చూశాను. గూడు బండ మీదే ఉంది. ఏడో తేదీన నేను పడుకోబెట్టిన మూలలోనే రెండూ ఉన్నాయి. ఒళ్ళు చల్లబడింది. మెడ మీద గింజంత మీట ఇంకా పచ్చగా వెలుగుతోంది, నిద్రలో ఉన్నాయని. నా చేతులతోనే పట్టీలు విప్పాను. నా చేతులతోనే పెట్టాను కదా.

"వయసైపోయినాదేమో అంటాండారు గాలి ఆఫీసోళ్ళు," అంది రామతులశమ్మ. "రెండేండ్లకే వయసైపోతాదా అక్కా?"

తను కణతలు నొక్కుకుంటూ మాట్లాడుతోంది. తలనొప్పా అని అడిగాను. వరుసంతా తలనొప్పే అంది, రాయి దుమ్ము వల్ల కాబోలు అంది.

అప్పుడు పక్కింట్లోకి చూశాను. ఆ ఇంటి పిల్లికి పట్టీ లేదు. ఏళ్ళ తరబడి అది చల్లటి బండ మీద చాపలా పరుచుకుని పడుకునేది. ఈ రోజు అలమర పైన, దూలానికి ఆనుకుని ముడుచుకుని ఉంది. దాని పక్కింటి కుక్క రాతిగట్టు ఎక్కి పడుకుంది. కుక్క అంత ఎత్తున పడుకోవడం నేనెప్పుడూ రాయలేదు. పుస్తకం తెరిచి ఇల్లిల్లూ తిరిగాను. కింది వరుసలో పట్టీ లేని జీవాలు పద్నాలుగు; నా బదులు పెట్టేవాళ్ళు ఇంకా రాలేదు. ఇళ్ళవాళ్ళను అడిగితే, పద్నాలుగూ ఎనిమిదో తేదీ తర్వాతే బండ వదిలి పైకెక్కాయన్నారు. పై వరుసల్లో ఒక్కటి కూడా చోటు మార్చలేదు.

పాడు గాలి బరువుగా ఉంటుంది, పల్లంలో చేరుతుంది. గనిలో పనిచేసిన ఎవరికైనా ఇది తెలుసు. పట్టీ లేనివి తప్పుకున్నాయి. పట్టీ ఉన్నవి తప్పుకోలేకపోయాయి.

మళ్ళీ గాలి ఆఫీసుకు పరుగెత్తాను. రంగనాయకులు సారు తన బల్ల దగ్గరి పలక మీద కింది వరుస గాలి మీటరు అంకె చూపించాడు. అంకె మామూలుగానే ఉంది.

"ఆ మీటరు ఎక్కడుంది సార్?"

"మెట్ల దగ్గర. కప్పుకు."

"జనం పడుకునేది కప్పు మీద కాదు."

"పిల్లులు అలమరలెక్కాయని ఊరు ఖాళీ చేయించమంటారా? మొన్ననే మీరు నాతో పోట్లాడారు. ఈ రోజు వచ్చి పట్టీల వల్లే ప్రమాదం అంటున్నారు. నేనేమనుకోవాలి?"

ఆ మాటకు కోపం వచ్చింది. కానీ ఆయన స్థానంలో ఉంటే నేనూ అట్లాగే అనుకునేదాన్నేమో. రేపు ఎవరినో పంపి చూపిస్తానన్నాడు.

ఏప్రిల్ 15, మంగళవారం

మధ్యాహ్నం ఒంటిగంటకు నిద్రలు రాయడానికి కింది వరుసకు బయల్దేరాను. సగం మెట్లు దిగి ఆగిపోయాను.

పద్నాలుగు జీవాలూ మెట్ల మీద ఉన్నాయి. పిల్లులూ కుక్కలూ పక్కపక్కనే, ఒకదాని వీపు ఒకదానికి తగులుతూ. పోట్లాట లేదు. కొన్ని పడుకున్నాయి, కొన్ని కిందికి చూస్తున్నాయి. ఇళ్ళల్లో ఒక్కటి లేదు. వరుసలోని మనుషులు మాత్రం పని నుంచి వచ్చి, అన్నాలు తిని, తలుపులు మూసి పడుకున్నారు.

ఎవరినో పంపి చూసేదాకా ఆగే ఉద్దేశం నాకు లేదు.

మొదట రామతులశమ్మ తలుపు కొట్టాను. లేవడానికి చాలాసేపు పట్టింది. "కంచం తీసుకో, కొట్టు," అన్నాను. ఎందుకని అడగలేదు. స్టీలు కంచం, గరిటె పట్టుకుని ఒక పక్క తను, ఒక పక్క నేను. "లేయండి! పైకి ఎక్కండి! గాలి చెడిపోయినాది!" తను అరిచిన అరుపుకు రాళ్ళే కదిలేవి. కొందరు తిట్టుకుంటూ వచ్చారు. కొందరు మత్తుగా గోడ పట్టుకుని వచ్చారు. ఒక పసిబిడ్డను ఉయ్యాలలోంచి నేనే ఎత్తి తల్లి చేతుల్లో పెట్టాను. చివరింటి ముసలాయన లేవలేదు, ఇద్దరు కలిసి మంచంతో సహా మోశారు.

ఇంటింటికీ తిరుగుతూ పట్టీలు కూడా విప్పాను. ఏడు. దాచుకుని చేయలేదు, అందరూ చూస్తుండగానే విప్పి కొంగులో వేసుకున్నాను.

పట్టీ విప్పినా జీవం వెంటనే లేవదు. చిన్నవాటిని ఎవరివి వాళ్ళు ఎత్తుకున్నారు. సర్దారును పక్కకు దొర్లించినా కళ్ళు తెరవలేదు. "వదిలెయ్ అన్నా, ముందు నువ్వు ఎక్కు," అన్నాను.

"ఇంతకు ముందు నీ మాట విని వాణ్ణి వదిలేసినా," అన్నాడు హుసేన్‌సాబు అన్న. కుక్కను గొర్రెపిల్లలా మెడ మీద వేసుకున్నాడు. పద్నాలుగు మెట్లకొకసారి ఆగాడు. ఎవరు చేయి అందించినా ఇవ్వలేదు. అరవై రెండు మెట్లూ ఎక్కి పైన కూలబడ్డాడు. సర్దారు దగ్గినట్టు చప్పుడు చేసి, కాళ్ళు తన్నుకుని, అన్న ఒళ్ళో మూత్రం పోశాడు. ఆ తడి చూసి అన్న ఏడ్చాడు.

నలభై మూడుమందిని లెక్కపెట్టాను. అందరూ పైన ఉన్నారు.

అప్పటికి రంగనాయకులు సారు ఇద్దరు కాపలావాళ్ళతో వచ్చాడు. "ఎవరు చెప్పారు ఖాళీ చేయమని? జనాన్ని భయపెట్టడం నేరం, తెలుసా?"

"తెలుసు. మీ నడుముకున్న మీటరు పనిచేస్తుందా సార్?"

"చేస్తుంది."

"అయితే కిందికి రండి. కుందేళ్ళు చచ్చిన చోట ఒక్కసారి నడుము వంచండి. అంకె మామూలుగా ఉంటే నన్ను తీసుకెళ్ళి ఎక్కడైనా పెట్టండి."

ఆయన నా ముఖం వైపు చూశాడు. మెట్ల మీది జంతువుల వైపు చూశాడు. కాపలావాళ్ళను అక్కడే ఉండమని తనొక్కడే దిగాడు, నేను వెనకాలే. రామతులశమ్మ గుమ్మం దాటి మోకాళ్ళ ఎత్తులో మీటరు పట్టుకోగానే అది కూత పెట్టడం మొదలుపెట్టింది. బండ మీద పెట్టాడు. అంకె వైపు చూసి, దాన్ని అక్కడే వదిలేసి నా జబ్బ పట్టుకుని మెట్ల వైపు ఈడ్చాడు. దారి పొడవునా అరుస్తూనే ఉన్నాడు, కింది గొట్టాలన్నీ తెరవమని, రెండో మర పూర్తిగా తిప్పమని.

ఏప్రిల్ 19, శనివారం

కింది వరుస గాలి గొట్టం మీద బండ జారి పడిందట. ఎనిమిదో తేదీనే పడి ఉంటుందన్నారు. దాన్ని తీసేసి, గాలి బాగుపడ్డాక జనం మళ్ళీ ఇళ్ళకు దిగారు. మంచంతో మోసుకొచ్చిన ముసలాయన కోలుకున్నాడు, ఈ రోజు గంజి తాగాడు.

సాయంత్రం ఊరి సభ. హాలు నిండిపోయింది. అధ్యక్షురాలు నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత తీర్మానం చదివింది: ముప్పై జీవాలకు పట్టీ మినహాయింపు. వాటిని కింది వరుసల్లో ముప్పై చోట్ల గొలుసుతో కట్టి గాలి కాపలాకు వాడతారు. పర్యవేక్షణ నాది. మిగిలినవన్నీ యథాప్రకారం పట్టీలో ఉంటాయి. అనుమతి లేకుండా ఏడు పట్టీలు విప్పినందుకు నేనొక క్షమాపణ కాగితం రాసిస్తే చాలు.

శాలువా మడిచి బల్ల మీద పెట్టాను.

"కట్టేస్తే అవి మీకేమీ చెప్పవమ్మా. చచ్చిపోతాయి, అంతే. ఎక్కడ పడుకోవాలో అవే చూసుకున్నాయి కాబట్టి మనకు తెలిసింది. ఇంకొక మాట. అవి మనకు పనికొచ్చాయని నేను పట్టీలు విప్పలేదు. పదకొండో తేదీన పెట్టనన్నప్పుడు గాలి సంగతి నాకు తెలియదు. అవి ఏ పనికీ రాకపోయినా పెట్టను. వాటి నిద్ర వాటిది."

వెనక నుంచి ఒకావిడ లేచింది. "మా బిడ్డకు గాలి చాలకపోతే? పిల్లి ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా?"

తప్పు ప్రశ్న కాదు. జవాబు హుసేన్‌సాబు అన్న చెప్పాడు.

"బిడ్డే ముఖ్యం తల్లీ," అన్నాడు లేచి. "రాయి పాలిష్ మరలు రోజుకు తొమ్మిది గంటలు తిరుగుతాండాయి. ఆ దుమ్ము లాగే గొట్టం ఎంత గాలి మింగుతాదో సారును అడుగు. మేము రెండు గంటలు ఆపుతాం. నా ఒక్కడి మాట కాదు, మావోళ్ళంతా అనుకున్న మాట. మిగిలిన రాయికి వానలొచ్చినంక పాలిష్ పడతాం."

రంగనాయకులు సారు కాగితం మీద ఏదో వేసుకున్నాడు. హాలంతా ఆయన పెన్ను వైపే చూసింది. "రెండు గంటలు అక్కర్లేదు," అన్నాడు చివరికి. "గంటన్నర చాలు. పట్టీలతో మిగిలేదానికన్నా అదే ఎక్కువ." ఆ లెక్క ముందే ఎందుకు వేయలేదని ఎవరూ అడగలేదు. ఆయన ముఖం చూస్తే తనే అడుక్కుంటున్నట్టు ఉంది.

అయినా అధ్యక్షురాలు ఒప్పుకోలేదు. మరల వేళలు మార్చడానికి వేరే తీర్మానం కావాలట, దానికి నెల పడుతుందట. అందాకా ఉత్తర్వు ఉత్తర్వే. క్షమాపణ సోమవారం తెల్లవారేలోగా రాకపోతే నా ఉద్యోగం పోతుంది, పుస్తకం స్వాధీనం చేసుకుంటారు.

ఏప్రిల్ 21, సోమవారం

ఇది ఆఫీసు పుస్తకం కాదు. దాన్ని పొద్దున తీసుకెళ్ళారు. ఇది రామతులశమ్మ ఇచ్చిన గళ్ళ నోటుబుక్కు.

పాలిష్ మరలు నిన్న గంటన్నర ముందే ఆగాయి. తీర్మానం కోసం ఎవరూ ఆగలేదు. నేనూ ఆగలేదు. నిన్న పగలంతా వరుసలన్నీ తిరిగి మిగిలిన యాభై ఒక్క పట్టీలు విప్పాను. నేను తలుపు తట్టేసరికి చాలాచోట్ల వాళ్ళే విప్పి చేతిలో పట్టుకుని ఉన్నారు. సభలో బిడ్డ సంగతి అడిగినావిడ కూడా. పట్టీ నా కొంగులో వేసి తలుపు మూసుకుంది.

రాత్రి కూర్చుని నేను రాసిన కాగితంలో మూడే వాక్యాలు. "పట్టీలు విప్పింది నేనే. తప్పు చేశానని నేను అనుకోవడం లేదు. మళ్ళీ పెడితే మళ్ళీ విప్పుతాను." కింద పూర్తి పేరుతో సంతకం చేశాను. పొద్దున అది తీసుకుని బయల్దేరుతుంటే హుసేన్‌సాబు అన్న గుమ్మంలో ఉన్నాడు.

"చదువు," అన్నాడు. చదివాను. "'నేనే' అని రాసినావు. అది అబద్ధం గదా. కొట్టెయ్. 'మేమే' అని రాయి."

దిద్దాను. ఆయన సంతకం చేశాడు. రామతులశమ్మ వేలిముద్ర వేసింది. గాలి ఆఫీసు చేరేలోపు కాగితం నాలుగుచోట్ల ఆగింది. వెనక అతికించడానికి ఇంకో రెండు కాగితాలు కావలసి వచ్చాయి. నూటా ముప్పై ఒకటి.

రంగనాయకులు సారు బల్ల మీద మొదట రెండు అట్టపెట్టెలు పెట్టాను. "రెండువందల పన్నెండు. లెక్క చూసుకోండి." తర్వాత కాగితం ఇచ్చాను. ఆయన మూడు వాక్యాలూ చదివి, పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే, వేలు పెట్టి. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు.

"దీన్ని క్షమాపణగా తీసుకోలేను," అన్నాడు.

"అది క్షమాపణ కాదు సార్."

"ఈ రోజుతో మీ ఉద్యోగం లేదు."

"తెలుసు."

"రేపు ఇంకొకరిని పట్టీలు పెట్టమని పంపమంటారు నన్ను."

"పంపండి. ప్రతి గుమ్మంలో ఎవరో ఒకరు ఉంటారు."

ఆయన పెట్టెలు బల్ల కిందికి తోశాడు. తర్వాత ముద్ర తీసి, కాగితం మీద 'అందినది' అని కొట్టి, తేదీ వేసి, నకలు నా చేతికిచ్చాడు. "ఎవరినీ పంపడంలేదు," అన్నాడు. "నేనేమి సమాధానం చెప్పుకుంటానో అది నా బాధ."

బయటికి వచ్చాక నకలు మడిచి రవికలో పెట్టుకున్నాను. పన్నెండున్నర అయింది. ఇంటికి వెళ్ళకుండా కింది వరుసకు దిగాను. జీతం లేకపోయినా నిద్రలు రాసే వేళ అది.